మంత్రిగారి సకారం

2007 వేసవిలో నేను నందిగామలో పళ్ళ డాక్టరుని. అంతకుముందు ఏడేళ్ళు జగ్గయ్యపేటలో ప్రాక్టీసు చేసి, 1998లో ఇక్కడికి మారాను. క్లినిక్ గాంధీ సెంటరుకి దగ్గర్లో, ఒక మందుల షాపు మీద, మొదటి అంతస్తులో ఉండేది. ఎక్కడానికి పద్దెనిమిది మెట్లు. పంటి నొప్పితో వచ్చేవాళ్ళు మెట్లు చూసి వెనక్కి పోరు కదా అన్న ధైర్యంతో తీసుకున్నాను. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కూడా పళ్ళుంటాయన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఆ వేసవిలో మా రెండు ఊళ్ళలోనూ ఒకటే చర్చ. శాసనమండలి ఇరవై రెండేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చింది. ఓడిపోయి ఇంట్లో కూర్చున్న పెద్దలకి అందులో సీట్లిస్తారని, వాళ్ళలో ఒకరిద్దరిని మంత్రుల్ని కూడా చేస్తారని పుకారు. ఆ పుకారు చివర ఎప్పుడూ ఒక ప్రశ్న తగులుకుని ఉండేది. పానకాలరావు గారికి ఇంకా ఆశ ఉందా, లేదా?

పానకాలరావు గారంటే వీరులపాడు వైపు ఒక ఊళ్ళో పెద్ద రైతు. పేర్లు మార్చి రాస్తున్నాను, మా వృత్తి నియమం అలాంటిది. ఎనభైల్లో ఆయన పద్నాలుగు నెలలు మంత్రిగా చేశారు. తర్వాత రెండుసార్లు ఓడిపోయారు, ఒకసారి టికెట్టే రాలేదు. అయినా మా వైపు ఒకసారి మంత్రి అయిన మనిషి చివరిదాకా మంత్రిగారే. అప్పటికి ఆయనకి డెబ్బై రెండేళ్ళు. ఎవరడిగినా ఒకటే జవాబు చెప్పేవారు: "నాకింకా పదవులెందుకయ్యా? కుర్రాళ్ళని రానివ్వండి." ఆ మాట పదేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. ఆ కుర్రాళ్ళు కూడా అప్పటికి యాభై దాటారు.

ఊళ్ళో మిగతా వాళ్ళందరికీ ఈ ప్రశ్న కాలక్షేపం. ఆయన భార్య అనసూయమ్మ గారికి మాత్రం రెండు మోకాళ్ళు దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

అదెలాగో చెబుతాను. ఆవిడ మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. విజయవాడలో ఎముకల డాక్టరు గారు రెండూ మార్చాలన్నారు. అలాంటి ఆపరేషన్‌కి ముందు నోట్లో చీము, చిగుళ్ళ వాపు ఉండకూడదు. ఆ సూక్ష్మక్రిములు రక్తంలో కలిసి కొత్త కీలు దగ్గర చేరితే చేసిందంతా వృథా. అందుకని ఆయన పళ్ళ డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెమ్మంటారు. మూడు నెలలు దాటిన సర్టిఫికెట్టుని ఆయన చూడను కూడా చూడరు. 2002లో అనసూయమ్మ గారికి మొదటి సర్టిఫికెట్ ఇచ్చాను. ఆ నెలలోనే మంత్రిగారికి ఏదో కార్పొరేషన్ చైర్మన్ పదవి వస్తుందని గాలి లేచింది. "నేను మంచాన పడితే వచ్చేపోయేవాళ్ళకి కాఫీలెవరిస్తారమ్మా?" అని ఆవిడ వాయిదా వేశారు. పదవి రాలేదు, సర్టిఫికెట్ గడువు దాటిపోయింది. 2004 ఎన్నికల ముందు రెండోది ఇచ్చాను. దానికీ అదే గతి.

ఇక 2007. ఒక మధ్యాహ్నం రెండు గంటలకి, క్లినిక్ మూసి భోంచేస్తున్న వేళ, మంత్రిగారు తలుపు కొట్టారు. కారు తెలిసినవాళ్ళ దొడ్లో పెట్టి సందుల్లోంచి నడిచి వచ్చారట. తను వచ్చినట్టు ఎవరికీ తెలియకూడదన్నారు. పళ్ళ సెట్టు కావాలన్నారు.

ఆయనకి నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. మంత్రి అయిన కొత్తలో హైదరాబాదులో కట్టించుకున్న సెట్టు ఒకటుండేది. పళ్ళు పోయాక దవడ ఎముక ఏటేటా అరుగుతుంది. సెట్టు అరగదు. అందుకే వదులైపోతుంది. 2004కి ముందు జగ్గయ్యపేటలో ఒక సభలో ఆయన మైకు ముందుకొచ్చి "సోదర సోదరీమణులారా" అనగానే పై సెట్టు జారింది. నాలుకతో ఆపుకుని, నమస్కారం పెట్టి కూర్చున్నారు. ముందు వరసలో వాళ్ళు నవ్వారు. అప్పట్నుంచి ఏ వేదిక మీదైనా నమస్కారం పెట్టి కూర్చోవడమే. ఊరు దాన్ని వైరాగ్యం అనుకుంది.

మా కేస్ షీట్లో 'ప్రధాన ఫిర్యాదు' అని ఒక గడి ఉంటుంది. పేషెంటు ఏం చెబితే అదే, అతని మాటల్లోనే రాయాలి. మన ఊహలు కలపకూడదు. మంత్రిగారు "అన్నం నమలలేకపోతున్నా" అన్నారు. అదే రాశాను. తర్వాత ఆయన నన్ను మూడు ప్రశ్నలడిగారు. మాట స్పష్టంగా వస్తుందా? టీవీలో మరీ తెల్లగా కనబడతాయా? నెలలోపు అవుతుందా? తినడం గురించి ఒక్కటీ అడగలేదు. ఆ మూడూ రాయడానికి షీట్లో గడి లేదు.

పూర్తి సెట్టుకి ఐదుసార్లు రావాలి. మొదటిసారి గులాబీ రంగు పిండి లాంటి మందు కలిపి నోట్లో పెట్టి అచ్చు తీస్తాం. రెండోసారి ఆ అచ్చుతో చేసిన పళ్ళెంతో ఇంకా సన్నంగా మరో అచ్చు. మూడోసారి పై దవడా కింది దవడా ఎక్కడ కలుస్తాయో కొలత. నాలుగోసారి ట్రయల్: పళ్ళని మైనంలో అమర్చి నోట్లో పెట్టి చూడటం. ఐదోసారి సెట్టు చేతికివ్వడం. మధ్యలో ప్రతిసారీ పని విజయవాడ ల్యాబుకి వెళ్ళి వస్తుంది. ల్యాబు చీటీ మీద పేషెంటు పేరు, వయసు, వృత్తి రాయాలి. మనిషిని బట్టి పళ్ళ సైజూ ఆకారం ఎంచుతారు గనక ఖాళీ వదిలితే కుదరదు. మంత్రి అని రాస్తే సాయంత్రానికల్లా బెజవాడంతా తెలుస్తుంది. నేను పేరుకి పొడి అక్షరాలు పెట్టి, వృత్తి దగ్గర 'బస్సు కండక్టర్, రిటైర్డ్' అని రాశాను. రోజంతా మాట్లాడే ఉద్యోగం కదా, అంత అబద్ధం కాదనిపించింది.

రంగు ఎంచడానికి వరసగా పళ్ళు గుచ్చిన ఒక పట్టీ ఉంటుంది. పేషెంట్లందరూ అన్నిటికన్నా తెల్లదాని మీద వేలు పెడతారు. వద్దని చెప్పడానికి నాకు పావుగంట పడుతుంది. మంత్రిగారు మాత్రం పట్టీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, మళ్ళీ ట్యూబులైటు కింద పెట్టి చూసి, కొంచెం పసుపు తిరిగినదాన్ని చూపించారు. "లైట్లేస్తే తెలుపు ఎక్కువ కొడుతుందండి," అన్నారు. ముప్పై ఏళ్ళ నా వృత్తిలో నా ప్రమేయం లేకుండా సరైన రంగు ఎంచుకున్న పేషెంటు ఆయన ఒక్కరే.

రహస్యం రెండు వారాలు కూడా నిలవలేదు. తప్పు ఆయనదే. కారు దాచారు, మొహానికి కండువా అడ్డం పెట్టుకున్నారు, కానీ చెప్పులు మెట్ల కింద విడిచి పైకొచ్చారు. మా క్లినిక్‌లో అందరూ కిందే విడుస్తారు. ఆయన కిర్రుచెప్పులు వేసుకుంటారు. ఆ కాలానికి ఆ చుట్టుపక్కల అవి వేసుకునే మనిషి ఇంకొకరు లేరు.

వాటిని చూసినవాడు శేషగిరి. ఒక దినపత్రికకి నందిగామ విలేఖరి. నా దగ్గర పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి రావడం, నోరు తెరిచి పెట్టుకునే వార్తలు అడగడం అతనికి అలవాటు.

"మంత్రిగారు పళ్ళు కట్టించుకుంటున్నారంట కదండి. అంటే రంగంలో ఉన్నట్టేగా?"

"పళ్ళు కట్టించుకునేది తినడానికండీ," అన్నాను.

"రెండూ ఒకటే కదండి," అన్నాడు.

నా పేషెంట్ల గురించి నేను మాట్లాడనని చెప్పి పంపించాను. మర్నాడు జిల్లా పేజీలో హెడ్డింగు వచ్చింది: 'పానకాలరావు చూపు మండలి వైపేనా?' కింద రాసిందానిలో ఒక్క వాస్తవం కూడా లేదు. ప్రశ్నార్థకం ఉంది గనక అభ్యంతరం చెప్పడానికీ లేదు.

నాలుగోసారి, ట్రయల్ రోజు. మా పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. పళ్ళు మైనంలో ఉండగా నూలుపోగంత జరపొచ్చు. గట్టిపడ్డాక ఇక జరపలేం. పేషెంటు చేత మాట్లాడించి చూసేది ఈ రోజే. స పలికేటప్పుడు నాలుక కొన పై ముందుపళ్ళ వెనక్కి వెళ్ళి సన్నని సందు వదలాలి. సందు ఎక్కువైతే ఈల వస్తుంది. తక్కువైతే స కాస్తా ష అవుతుంది. వ అనేటప్పుడు పై పళ్ళ అంచు కింది పెదవిని తాకాలి. దీనికోసం కాలేజీలో మాకు ఇంగ్లీషు అంకెలు నేర్పారు. మా పేషెంట్లకి అవి నప్పవని నేను సొంతంగా ఒక వరస కట్టుకున్నాను: సూర్యాపేట, సత్తుపల్లి, విస్సన్నపేట, వత్సవాయి. బస్టాండులో వినీ వినీ అందరికీ నోటికొచ్చినవే.

మంత్రిగారు ల్యాబు నుంచి వచ్చిన పెట్టె మీది చీటీ చదివారు. కండక్టరు ఎవరని అడిగారు. చెప్పాను. ఆయన నవ్వలేదు. మైనపు పళ్ళు నోట్లో పెట్టి, నా వరసంతా ఒకసారి చెప్పి, ఇప్పుడు సూర్యాపేట అనండి అన్నాను.

"ఊళ్ళపేర్లు అరవడానికి నిజంగానే కండక్టర్ననుకున్నారా డాక్టరమ్మా? నాకు నోటికొచ్చింది నేను చెప్తా, వినండి."

కుర్చీలో వెనక్కి వాలి ఉన్న మనిషి లేచి నిటారుగా కూర్చున్నారు. కండువా సర్దుకున్నారు. ఎదుటి గోడ మీద టూత్‌పేస్టు కంపెనీ క్యాలెండరు ఉంది. దాని వైపు చూస్తూ మొదలుపెట్టారు.

"పానకాలరావు అను నేను, శాసనం ద్వారా నిర్మితమైన భారత రాజ్యాంగం పట్ల నిజమైన విశ్వాసం, విధేయత చూపుతానని..."

శాసనంలో శ బాగుంది. విశ్వాసంలో స ఈల వేసింది. కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను. సార్వభౌమాధికారంలో వ సరిపోయింది. సమగ్రతలో మళ్ళీ ఈల. నిజం చెప్పాలంటే మాట పరీక్షకి అంతకన్నా మంచి పాఠం నాకు ఎప్పుడూ తట్టలేదు. నా బస్సుల వరస దాని ముందు బలాదూరు. నేను పెన్సిలుతో వెంట పరుగెడుతుంటే ఆయన "ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర" అని అర క్షణం ఊపిరి తీసుకుని, "ముఖ్యమంత్రిగా నా కర్తవ్యాలను శ్రద్ధతో, అంతఃకరణ శుద్ధితో నిర్వహిస్తానని" అంటూ సాగిపోయారు.

నా పెన్సిలు ఆగింది. ముఖ్యమంత్రి అనే మాటలో సకారం లేదు. శకారం లేదు, వకారం కూడా లేదు. పరీక్షకి ఆ మాటతో పని లేదు. మండలి సీటా, మంత్రి పదవా అని జగ్గయ్యపేట, నందిగామ తలలు బద్దలుకొట్టుకుంటున్నాయి. ఈ మూడోది ఏ టీకొట్టు దగ్గరా ఎవరి నోటా వినలేదు. ఆయన తడుముకోలేదు, మాట మార్చుకోలేదు. ఆ వాక్యం అలా చెప్పడం ఆ రోజు మొదటిసారి కాదని నాకు అర్థమైంది. నవ్వొస్తుందనుకున్నాను, రాలేదు. కొంచెం భయమేసింది.

రాగద్వేషాలు లేకుండా అందరికీ న్యాయం చేస్తానని పూర్తిచేసి, "ఈల ఎక్కడొచ్చింది?" అని అడిగారు.

"విశ్వాసంలో అండీ. సమగ్రతలో కూడా కొంచెం."

"సరిచెయ్యండి," అన్నారు.

సరిచేశాను. ముందుపళ్ళు రెండిటిని వెనక్కి నూలుపోగంత జరిపాను. రెండోసారి చెప్పించినప్పుడు విశ్వాసం శుభ్రంగా వచ్చింది. ముఖ్యమంత్రి కూడా మళ్ళీ వచ్చింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి నావైపు చూశారు. ఇక్కడ విన్నది ఈ గది దాటదని చెప్పాను. కేస్ షీట్లో ఇలా రాశాను: 'మాట పరీక్ష: స మొదట ఈల, సరిచేయబడినది. మిగతావి సంతృప్తికరం.'

నాలుగు రోజుల తర్వాత అనసూయమ్మ గారు వచ్చారు. ఆవిడ మెట్లెక్కుతుంటే నాకు లోపలికి వినబడేది. ఒక మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, ఆగి, కమ్మీ పట్టుకుని, తర్వాతి మెట్టు. పద్దెనిమిది మెట్లకి ముప్పై ఆరు అడుగులు. పైకొచ్చాక మాట్లాడటానికి కాసేపు పట్టింది. మళ్ళీ సర్టిఫికెట్ కావాలన్నారు. ఎముకల డాక్టరు గారు ఇంకా ఆలస్యం చేస్తే నడక పూర్తిగా పోతుందని గట్టిగా చెప్పారట.

పళ్ళూ చిగుళ్ళూ చూసి, మూడోసారి సర్టిఫికెట్ రాశాను. ఆవిడ దాన్ని మడత పెట్టి చేతిలోనే పెట్టుకుని కూర్చున్నారు.

"ఒక మాట అడుగుతానమ్మా. ఆయనకింకా ఉందా?"

"ఏంటి పిన్నిగారూ?"

"అదే. ఆశ. నన్ను అడిగితే నాకేం ఆశంటాడు, నువ్వెళ్ళి చేయించుకో అంటాడు. తీరా ఆస్పత్రివాళ్ళు డేటిస్తే ఈ నెలొద్దులే అంటాడు. ఉందంటే ఆగుతా, లేదంటే రేపే వెళ్తా. నీ దగ్గర నోరు తెరిచి కూర్చున్నాడుగా, నీకు తెలుస్తుంది."

పేషెంటు చెప్పింది, మేము విన్నది బయటికి చెప్పకూడదు. భార్యకైనా అంతే. ఆ నియమాన్ని నేను పదహారేళ్ళుగా పాటిస్తున్నాను. ఆరోజూ పాటించాను. అలా చెప్పకూడదు పిన్నిగారూ అన్నాను.

ఆవిడ నా మొహం వైపు కాసేపు చూశారు. "లేకపోతే లేదనేదానివేగా," అని లేచారు. సర్టిఫికెట్ని చేతిసంచీలో అడుగున పెట్టుకున్నారు. దిగేటప్పుడు మెట్ల మీద పక్కకి తిరిగి, గోడకి ఆనుకుంటూ దిగారు. సాయం పడతానంటే వద్దన్నారు. నియమం తప్పలేదు గనక నాకు తృప్తిగా ఉండాలి. సిగ్గేసింది.

సెట్టు అనుకున్న నెలలోనే పూర్తిచేసి ఇచ్చాను. ఆ తర్వాత రెండు నెలలకి హైదరాబాదు నుంచి పేర్లొచ్చాయి. మందుల షాపులో టీవీ ముందు జనం గుమిగూడారు. పానకాలరావు గారి పేరు లేదు. మర్నాడు శేషగిరి పత్రికలో హెడ్డింగు: 'పానకాలరావుకు నిరాశేనా?' ఈసారి కూడా ప్రశ్నార్థకం వదల్లేదు.

వారం తర్వాత మంత్రిగారు పగలు పదకొండు గంటలకి, కారు క్లినిక్ ముందే ఆపి, అందరి మధ్యా వచ్చి కూర్చున్నారు. కింది సెట్టు వదులైందన్నారు. చూశాను. వదుల్లేదు. కొత్త సెట్టు ఒరుసుకుని చిగురు ఎర్రబడటం ఉంటుంది, అదీ లేదు. సెట్టులో లోపం కనబడకపోతే మాట పరీక్ష మళ్ళీ చేయడం నా పద్ధతి. ఏదైనా చెప్పండి అన్నాను. ఈసారి ఆయన వెనక్కి వాలిన మనిషి వాలినట్టే ఉన్నారు.

"సూర్యాపేట," అన్నారు. "సత్తుపల్లి. విస్సన్నపేట. వత్సవాయి."

స బ్రహ్మాండంగా ఉంది. వత్సవాయిలో రెండు వకారాలూ అద్దంలా వచ్చాయి. ఇంతకాలం నేను కడుతూ వచ్చిన సెట్లలో ఇంత చక్కగా మాట పలికించింది ఇంకొకటి లేదు. అయినా నాకు ఏడుపొచ్చినంత పనైంది. అది వచ్చేలోపు కోపం వచ్చింది. లేచి వెళ్ళి బీరువాలోంచి సర్టిఫికెట్ల పుస్తకం తెచ్చాను. అందులో ప్రతిదానికీ కార్బన్ నకలు ఉంటుంది. అనసూయమ్మ గారి నకళ్ళు మూడూ తీసి ఆయన ఛాతీ మీది గుడ్డ పైన పెట్టాను. భార్య కూడా నా పేషెంటే. ఆమె సంగతి భర్తకి చెప్పడం కూడా నియమం తప్పడమే. ఆ రోజు తెలిసే తప్పాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని తారీఖులు చదివారు. రాజకీయాల్లో ఉన్నవాళ్ళు తారీఖులు మర్చిపోరు. "ఇది చైర్మన్ అన్నప్పటిది," అన్నారు మొదటిది చూసి. "ఇది టికెట్లప్పుడు." మూడోది చూసి కళ్ళజోడు తీసేశారు. "ఎప్పుడూ నాతో అనలేదే," అన్నారు.

"మీరు అడిగారాండీ?"

కుర్చీ పక్క గిన్నెలోకి నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడుతోంది. కుళాయి కట్టేశాను. ఆయన కుర్చీ దిగి, కండువా దులుపుకుని, ఈ మూడోది ఇంకా చెల్లుతుందా అని అడిగారు. లెక్కపెట్టి చెప్పాను. ఇంకా పద్దెనిమిది రోజులుంది.

పన్నెండో రోజున విజయవాడలో ఆపరేషన్. ముందురోజు సాయంత్రం అనసూయమ్మ గారు ఫోన్ చేశారు. "కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు నువ్వు పక్కనుండమ్మా. మధ్యలో ఫోనొస్తే లేచిపోతాడు," అన్నారు. పళ్ళ డాక్టరుకి ఆ ఆపరేషన్‌తో పనేమీ లేదు. క్లినిక్‌కి సెలవు పెట్టి వెళ్ళాను.

ఆపరేషన్‌కి ముందు రోగి తరఫువాళ్ళు అంగీకార పత్రం మీద సంతకం చేయాలి. అన్ని ఆస్పత్రుల్లోనూ అది తెలుగులో అచ్చేసి ఉంటుంది, చదివినవాళ్ళని మాత్రం నేను చూడలేదు. వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టేస్తారు. కౌంటర్లో అమ్మాయి మంత్రిగారికి కూడా వేలు పెట్టి చూపించింది. ఆయన కాగితం చేతిలోకి తీసుకున్నారు. మొదటి లైనులో పేరుకి చుక్కలు, చుక్కల తర్వాత 'అను నేను' అని ఉంది. ఆ రెండు మాటల మీద ఆయన చూపు ఆగింది. నిటారుగా నిలబడ్డారు. కండువా సర్దుకున్నారు.

"పానకాలరావు అను నేను, నా భార్య అనసూయమ్మకు జరుగు శస్త్రచికిత్స నిమిత్తం, అందలి సాధకబాధకములు, సంభవించగల సమస్యలు..."

హాలు మొత్తం తిరిగి చూసింది. కూర్చున్నవాళ్ళలో ఇద్దరు ఎందుకో లేచి నిలబడ్డారు. సరిగ్గా 'సమస్యలు' దగ్గర ఆయన జేబులో సెల్‌ఫోన్ మోగింది. తీసి చూశారు. నేనూ చూశాను. 040తో మొదలయ్యే నంబరు, అంటే హైదరాబాదు. చక్రాల కుర్చీలో ఉన్న అనసూయమ్మ గారు ఆ నంబరు చూడలేదు గాని, ఆయన మొహం చూశారు. ఫోన్ మూడుసార్లు మోగేదాకా ఆయన దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డారు.

"పట్టుకోండి డాక్టరమ్మా," అని నా చేతిలో పెట్టి, ఆపిన చోటినుంచి మళ్ళీ అందుకున్నారు. "సవివరముగా తెలుసుకుని, స్వచ్ఛందముగా, సంపూర్ణముగా సమ్మతించుచున్నాను."

నా చేతిలో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఆయన సంతకం పెట్టారు. ఒక్క స కూడా ఈల వేయలేదు.

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే అనసూయమ్మ గారు నన్ను దగ్గరికి పిలిచారు. "అప్పుడు రాజ్‌భవన్లో కూడా ఇంత బాగా చదవలేదమ్మా. నేను ముందు వరసలోనే ఉన్నాగా," అన్నారు. తలుపులు మూసుకున్నాయి. మంత్రిగారు నా దగ్గర ఫోన్ తీసుకుని, వరండా చివరికి వెళ్ళి, ఆ నంబరుకి చేశారు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చారు. ఏమన్నారని నేను అడగలేదు, ఆయనే చెప్పారు. క్రెడిట్ కార్డు కావాలా అని అడిగారట. వద్దని చెప్పి, మళ్ళీ అవసరమైతే చేయమన్నారట.

అనసూయమ్మ గారు ఆరు వారాలకి కర్రతో, ఆరు నెలలకి కర్ర లేకుండా నడిచారు. ఆ ఆరు వారాలూ వచ్చేపోయేవాళ్ళకి కాఫీలు మంత్రిగారే ఇచ్చారని, అందుకే రావడం తగ్గించేశారని ఆవిడే చెప్పారు. ఆవిడ కోసమని కాదు గాని, మరుసటి ఏడు క్లినిక్‌ని కింది అంతస్తుకి మార్చాను.

ఆయనకి ఆశ పోయిందా అని తర్వాత కూడా చాలామంది నన్ను అడిగారు. శేషగిరి అయితే రిటైరయ్యాక కూడా అడుగుతూనే ఉన్నాడు. పోలేదు. పోతుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఈ ఉదంతం వల్ల నాకు తెలిసిందేమిటంటే, ఆశ ఉందా లేదా అని వాకబు చేయడం దండగ, దానికోసం చేతిలో కాగితం కింద పెడతాడా లేదా అన్నది ఒక్కటీ చూస్తే చాలు. వృత్తిపరంగా తెలిసింది ఇంకొకటుంది. మాట పరీక్షకి నా బస్సుల వరస చాలదు. ఆ ఆస్పత్రి అంగీకార పత్రం నకలు ఒకటి అడిగి తెచ్చుకుని, రిటైరయ్యేదాకా పేషెంట్ల చేత అదే చదివించాను. స, శ, వ, స్త్ర, స్వ, అన్నీ అందులో ఉన్నాయి. ముఖ్యమంత్రి అనే మాట లేదు.